పేరు కింది మాట

గోడకు రెండో పూత వేస్తుండగా పార్టీ వార్డు ప్రెసిడెంటు వచ్చి నిచ్చెన పక్కన నిలబడ్డాడు. పెయింటర్ కిందికి చూడలేదు. తడి సున్నం మీద మధ్యలో బ్రష్షు ఆపితే మచ్చ పడుతుంది. ఎవరొచ్చినా అంచుదాకా లాగాకే పలకరిస్తాడు. అంచుదాకా లాగి, బ్రష్షు బకెట్లో వదిలి, అప్పుడు చూశాడు. ప్రెసిడెంటు కాళ్లకు కొత్త చెప్పులున్నాయి.

"ఆదివారం మీటింగు బావా. సోమవారం పొద్దున్నే గోడ మీద పేరు పడాలి."

ఎవరి పేరని పెయింటర్ అడగలేదు. వార్డంతా ఆ పేరే నములుతోంది. ఇటుక బట్టీ ఓనరు.

"మాటేంటి?" అని మాత్రం అడిగాడు.

ప్రెసిడెంటు మెడ గోక్కున్నాడు. అదే చూస్తున్నామనీ, సాయంత్రం బట్టీ ఆఫీసుకి వస్తే కూర్చుని ఆలోచిద్దామనీ అన్నాడు.

"చేసిన పనికి ఆలోచన దేనికి? గుర్తు చేసుకుంటే సరిపోదూ."

"నీ నోటికో దణ్ణం" అన్నాడు ప్రెసిడెంటు.

ఈ పార్టీలో ఒక కట్టుబాటు ఉంది. అభ్యర్థి పేరు గోడ మీద ఒంటరిగా ఉండదు. పేరు కింద ఒక మాట ఉండాలి. అతను వార్డుకు చేసిన పని, ఒక్క వాక్యంలో. గుణాలు రాయకూడదు. హామీలు రాయకూడదు. ఆ పని జరుగుతుండగా చూశానని సభ్యుల్లో ఒకరు మీటింగులో లేచి చెప్పాలి. చూసిన మనిషి లేకపోతే మాట లేదు. మాట లేకపోతే పేరు లేదు. చూశానని లేచేవాడు అభ్యర్థి ఇంటివాడు కాకూడదు. ఈ ఆఖరి ముక్క పట్టుబట్టి పెట్టించింది పెయింటరే, తల నల్లగా ఉన్న రోజుల్లో.

ఆ గోడ మీద పాత మాటలన్నీ సున్నం కింద పొరలు పొరలుగా ఉన్నాయి. వరదలో పడవ తోలిన మనిషి. బడి కప్పు ఎక్కి పెంకులు సర్దిన మనిషి. ఆస్పత్రికి డాక్టర్ని వేసేదాకా గుమ్మం వదలని మనిషి. వాళ్లలో అందరూ గెలవలేదు. ఓడిన మనిషి మాటను చెరిపేటప్పుడు కూడా పెయింటర్ ముందు ఒకసారి చదువుకుని చెరిపేవాడు.

ప్రెసిడెంటు వెళ్లబోతూ ఆగాడు. "మీ కోడలు కూడా అడిగింది. కాదనలేదు. పేరు రాసుకున్నాను. మీటింగులో తేలుతుంది."

"ఆమె మాట?"

"ఏముంటుంది, కొళాయే."

పైవీధికి కొళాయి వచ్చింది ఆమె వల్ల. నీళ్ల ఆఫీసులో ఆమె కూర్చున్న బెంచీ ఆ చోట నున్నబడింది. పైపులు దింపిన రోజు కందకం సగందాకా వచ్చి బట్టీ వైపు తిరిగింది. ఎందుకు తిరిగిందో ఎవరూ అడగలేదు. ఆమె కందకంలోకి దిగి కూర్చుంది. ఎదురుగా మందుల షాపు బోర్డు రాస్తూ పెయింటర్ నిచ్చెన మీంచి అంతా చూశాడు. గునపాలవాళ్లు చుట్టూ నిలబడి ఏం చెయ్యాలో తెలియక ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ఆమె మట్టిలో కూర్చుని, వెంట తెచ్చుకున్న చొక్కాలకి బొత్తాలు కుట్టుకుంది. ఎండ తగ్గేసరికి కందకం పైవీధి వైపు మళ్లింది. ఆమె లేచి, మట్టి దులుపుకుని, చొక్కాలు ఇవ్వాల్సినవాళ్లకి ఇచ్చి ఇంటికి వచ్చింది. ఇంట్లో దాని గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు.

బట్టీ ఆఫీసులో కుర్చీలు మెత్తగా ఉన్నాయి. కూర్చుంటే లోపలికి దిగబడి, లేవాలంటే ఎవరో ఒకరు చెయ్యి ఇవ్వాల్సినట్టు ఉన్నాయి. పెయింటర్ నిలబడే ఉన్నాడు. ప్రెసిడెంటూ, రిటైరయిన పోస్ట్‌మానూ చెరొక కుర్చీలో దిగబడి ఉన్నారు. పోస్ట్‌మాన్ పార్టీలో పెయింటర్ అంత పాతవాడు. ఇద్దరూ ఒకే జెండా కర్ర మోసి భుజాలు కాయలు కట్టించుకున్నవాళ్లు.

మొన్న వానల ముందు బట్టీ గేటు మీద వేరే పార్టీ జెండా ఉండేది. కర్ర అదే ఉంది. గుడ్డ మారింది.

"సేవాతత్పరుడు అని రాద్దాం" అన్నాడు ప్రెసిడెంటు.

అది గుణమని పెయింటర్ అన్నాడు. ఎన్నో కుటుంబాలకి పని చూపించాడని రాద్దామన్నారు. ఇటుకలు కావలసింది ఆయనకీ, కాల్చేది వాళ్లూ అయినప్పుడు ఇందులో వార్డుకి జరిగిందేమిటని అడిగాడు. పోస్ట్‌మాన్ టీ గ్లాసు చాటున నవ్వాడు.

బట్టీ ఓనరుకి కోపం రాలేదు. అతను కోపం తెచ్చుకునే రకం కాదు. "నాకు డిగ్రీ ఉంది పెయింటర్ గారూ. ఈ వార్డులో ఇంతవరకూ నిలబడ్డవాళ్లలో ఎవరికుంది? అది రాయకూడదా?"

"అది మీరు మీ ఇంటికి చేసుకున్న పని."

ఫ్యాను తిరుగుతోంది. ఓనరు టేబులు మీది కాగితాన్ని వేలితో ఇటూ అటూ జరిపాడు.

"అయితే కొళాయి రాయండి" అన్నాడు. "పైపులు వచ్చింది నా ట్రాక్టర్ మీదే కదా."

"బాడుగకి వచ్చాయి."

"వచ్చాయా లేదా?"

పెయింటర్ ప్రెసిడెంటు వైపు చూశాడు. ప్రెసిడెంటు చెప్పుల వైపు చూసుకున్నాడు. పార్టీ ఎక్కడిదాకా వచ్చిందో పెయింటర్‌కి ఆ చూపులో తెలిసింది. అబద్ధం చెప్పడం కాదు. అబద్ధం కోసం ఇంకొకరి ఇంట్లోంచి నిజం ఎత్తుకురావడం.

"కిందివీధికి పైపు నా స్థలంలోంచి పోవాలి" అన్నాడు ఓనరు, నవ్వుతూనే. "పోనివ్వాలనే ఉంది. కౌన్సిలర్ని అయ్యాననుకోండి, నాకు నేనే అర్జీ పెట్టుకోవక్కర్లేదు కదా."

ఇంటికి వచ్చేసరికి కోడలు ముందుగదిలో మిషను తొక్కుతోంది. బడి యూనిఫారాలు. నీలం గుడ్డ గుట్టగా ఒక పక్క, కుట్టినవి మడతలు పెట్టి ఇంకో పక్క. పెయింటర్ పెరట్లోకి వెళ్లి చేతులు కిరసనాయిలుతో రుద్దుకుని, సబ్బుతో కడుక్కుని వచ్చాడు. కొడుకు లారీ మీద ఉన్నాడు, వారానికో పదిరోజులకో వస్తాడు. భార్య పోయాక ఈ ఇంట్లో మాటలు తగ్గిపోయాయి. కావలసినవే మాట్లాడుకుంటారు.

ఇది కావలసిన మాట. చెప్పాడు.

ఆమె మిషను ఆపలేదు. అంచు చివరిదాకా కుట్టి, దారం పంటితో కొరికింది.

"కొళాయి ఆయన తెచ్చాడని ఎవరు లేస్తారట?"

"ఎవరూ లేవరు. వార్డంతా చూసింది."

"నేను తెచ్చానని?"

పోస్ట్‌మాన్ లేస్తాడనీ, రేపే అడుగుతాననీ అన్నాడు.

ఆమె ఇంకో గుడ్డ తీసి మడత పెట్టింది. మడత మీద గోరుతో గీత లాగింది. "మీరు లేవకూడదు కదా" అంది. అడిగినట్టు లేదు, చెప్పినట్టూ లేదు.

"కూడదు. ఇంటివాళ్ల కోసం నోరు తెరిస్తే ఇంక ఆ కట్టుబాటుకి అర్థం ఉండదు."

సరేనంది. కాసేపటికి మిషను మళ్లీ మొదలైంది. కిందివీధివాళ్లు ఇవాళ కూడా బిందెలతో పైకి వచ్చారనీ, చెరువులో నీళ్లు పచ్చబడ్డాయనీ, ఒకామె కాలు జారి పడితే మోకాలికి దెబ్బ తగిలిందనీ మిషను చప్పుడులోనే చెప్పింది. కందకం బట్టీ ప్రహరీ దగ్గర ఆగిపోయి ఉంది. పైపు మూతికి గోనెపట్టా కట్టి ఉంది. ఆమె రోజూ అటు వెళ్లి ఆ పట్టా సరిచేసి వస్తుందని అతనికి తెలుసు.

మర్నాడు పోస్ట్‌మాన్ ఇంటికి వెళ్లాడు. పోస్ట్‌మాన్ అరుగు మీద పాత సైకిలు చైను తీసి నూనె పెడుతున్నాడు. ఇప్పుడు ఎక్కడికీ తొక్కడు. అయినా చైను తుప్పు పట్టనివ్వడు.

కందకం రోజున అతనూ అక్కడే ఉన్నాడు. ఆఖరి ఉత్తరాల సంచీ పంచుతూ ఆమె తలమీదుగా ఒక ఉత్తరం అవతలికి అందించాడు. అది అతనే గుర్తు చేసుకుని నవ్వాడు.

"ఏంటి, నేను లేవకపోతే ఎవరు లేస్తారు? మన అమ్మాయి" అన్నాడు. "నువ్వు గోడకి దారం కొట్టి సిద్ధంగా ఉంచుకో అన్నా."

పెయింటర్ తేలిగ్గా తిరిగి వచ్చాడు. దారిలో షాపులో ఎర్ర ఎనామిల్ డబ్బా ఒకటి కొన్నాడు. పాతదాంట్లో సగం ఉంది. అయినా కోడలి పేరుకి కొత్త డబ్బా తెరవాలనిపించింది. ఆ సంగతి ఆమెకి చెప్పలేదు. పేరు ఎంత ఎత్తున రాయాలో, మాట ఎన్ని వరసల్లో పడుతుందో గోడ ముందు నిలబడి మూరలు కొలుచుకున్నాడు. అక్షరాల ఒళ్లు ముందు రాసి తలకట్లన్నీ ఆఖర్న ఒక్క ఊపున పెట్టుకుంటూ పోవడం అతని పద్ధతి. ఉత్త చేతితోనే గాల్లో ఒకసారి పెట్టుకుంటూ పోయాడు.

ఆదివారం మీటింగు పాత గోదాములో జరిగింది. సభ్యుల్లో సగంమందికి పైగా బట్టీలో పనిచేసేవాళ్లు. వాళ్లు ఒకేచోట కూర్చున్నారు, ఒకే వాహనం దిగినట్టు. వేళ్ల సందుల్లో ఎర్రమట్టి పోలేదు. కిందివీధి ఆడవాళ్లు సభ్యులు కారు కాబట్టి గుమ్మం బయట నిలబడ్డారు. కోడలు ముందు వరసలో ఈ చివర, బట్టీ ఓనరు ఆ చివర. పెయింటర్ రెండో వరసలో. పక్కన పోస్ట్‌మాన్.

ప్రెసిడెంటు లేచాడు. గొంతు సవరించుకున్నాడు. టికెట్టు ఇద్దరు అడిగారనీ, ఇద్దరూ ఒకే మాట చెప్పారనీ, అలాంటిది మునుపెప్పుడూ జరగలేదనీ చెప్పాడు. కాబట్టి చూసినవాళ్లే తేల్చాలి. ఎవరికీ చూసినవాళ్లు లేకపోతే ఇవాళ్టికి అభ్యర్థి లేడు. మళ్లీ మీటింగు పెట్టుకోవాలి.

"ముందు ఈమె. కొళాయి తెచ్చింది ఈమేనని చూసినవాళ్లు లేవండి."

గోదాము రేకులు ఎండకి టిక్కుటిక్కుమంటున్నాయి.

పెయింటర్ పక్కకి చూడలేదు. చూడక్కర్లేదనుకున్నాడు. కుర్చీ కిర్రుమనాలి, అంతే. కుర్చీ కిర్రుమనలేదు. అప్పుడు చూశాడు. పోస్ట్‌మాన్ రెండు చేతులూ మోకాళ్ల మధ్య పెట్టుకుని నేల చూస్తున్నాడు. చెవులు ఎర్రబడ్డాయి.

"లే" అన్నాడు పెయింటర్ పళ్ల మధ్య నుంచి.

"మా చిన్నాడిని బట్టీలో గుమాస్తాగా తీసుకున్నారు అన్నా. నిన్ననే."

"లే."

పోస్ట్‌మాన్ తల ఇంకా దించాడు. బట్టీ ఓనరు కూర్చుని ఉండగా మిగతా వరసల్లోనూ ఎవరూ కదల్లేదు.

ముందు వరసలో కోడలు వెనక్కి తిరిగింది. పోస్ట్‌మాన్‌ని చూడలేదు. మామగారిని చూసింది. ఆమె మొహంలో బతిమాలడం లేదు, కోపం లేదు. గుడ్డ చాలుతుందో లేదో కళ్లతోనే కొలిచేటప్పుడు చూస్తుందే, అలా చూసింది. పెయింటర్ చేతులు ముందు కుర్చీ వీపుని పట్టుకున్నాయి. పిక్కలు బిగిశాయి. లేస్తే ఏమంటారో తెలుసు. నువ్వే పెట్టావు, నువ్వే తీశావు అంటారు. ఇన్నేళ్లూ ఎంతమందిని ఆ ఒక్క కట్టుబాటు చూపించి కూర్చోబెట్టాడు. తమ్ముడి కోసం లేచినవాణ్ని, అల్లుడి కోసం లేచినవాణ్ని. వాళ్లలో కొందరు చెప్పింది నిజమే అయి ఉంటుంది.

లేవలేదు.

ఆమె ముందుకి తిరిగింది.

ప్రెసిడెంటు ఆమె పేరు పక్కన ఏదో గీసుకున్నాడు. "ఇప్పుడు ఈయన. కొళాయి తెచ్చింది ఈయనేనని చూసినవాళ్లు లేవండి."

బట్టీవాళ్లు కదిలారు. ఒకడి మోచెయ్యి ఇంకొకడి డొక్కలో తగిలింది. ఎవడూ లేవలేదు. ఒక ముసలివాడు లేవబోయినట్టు లేచి, కండువా సర్దుకుని, కూర్చున్నాడు. కందకం తవ్వినవాడు వాడే. బట్టీ ఓనరు మెల్లగా తల తిప్పి తన మనుషుల్ని ఒక్కొక్కరినే చూశాడు. ఒక్కొక్కరే తల దించారు.

పెయింటర్‌కి ఊపిరి ఆడింది. వీళ్లకి ఇంకా సిగ్గు చావలేదు. అబద్ధానికి చూసిన కళ్లు దొరకలేదు. మళ్లీ మీటింగు వస్తుంది. ఈలోగా పైవీధిలో ఇంకో సభ్యుణ్ని పట్టుకోవచ్చు. కట్టుబాటు గట్టిది. చేతులు కుర్చీ మీంచి తీశాడు.

కోడలు లేచి నిలబడింది.

"నా పేరు తీసెయ్యండి" అంది ప్రెసిడెంటుతో. "నేను చూశాను. కొళాయి తెచ్చింది ఆయనే."

గుమ్మం దగ్గర ఎవరిదో బిందె గోడకి తగిలి మోగింది.

"ఒక్కటి" అంది కోడలు. ఇప్పుడు బట్టీ ఓనరు వైపు తిరిగింది. "కిందివీధి పైపు మీ స్థలంలోంచి పోవడానికి అడ్డం లేదని ఇక్కడే చెప్పాలి. అందరి ముందు. ఎప్పుడో కాదు, ఎప్పటికి తవ్వుతారో కూడా."

ఓనరు లేచాడు. అతను ఇలాంటివి తొందరగా లెక్క వేసుకోగలడు. "గోడ మీద మాట పూర్తయిన క్షణం గునపం దిగుతుంది" అన్నాడు. బట్టీవాళ్లు చప్పట్లు కొట్టారు. బరువు దిగినవాళ్లు కొట్టినట్టు కొట్టారు. పోస్ట్‌మాన్ కూడా కొట్టాడు.

సోమవారం పెయింటర్ గోడ దగ్గరికి వచ్చేసరికి గునపాలవాళ్లు ప్రహరీ పక్కన కూర్చుని ఉన్నారు. కిందివీధి ఆడవాళ్లు వాళ్లకంటే ముందే వచ్చి నిలబడ్డారు. సుద్ద పూసిన దారం ఒక కొస మేకుకి కట్టి, రెండో కొస లాగి పట్టి, మధ్యలో ఎత్తి వదిలాడు. గోడ మీద తిన్నని గీత పడింది. అలా వరసలన్నీ కొట్టాడు. పాత డబ్బా తెరిచాడు. కొత్త డబ్బా ఇంట్లోనే ఉంది.

పేరు రాయడం అయ్యేసరికి కోడలు వచ్చింది. గోనెపట్టా విప్పి మడత పెట్టి చంకలో పెట్టుకుని ఉంది. రాత్రి పెట్టిన అన్నం అతను తినలేదు. ఆమె తినమని అడగలేదు.

అతను నిచ్చెన దిగి డబ్బాలో టర్పెంటైను పోసి కలుపుతూ, "అబద్ధానికి సాక్ష్యం చెప్పావు" అన్నాడు.

"చెప్పాను."

"అది నీ కష్టం."

"మీరు చూశారు కదా."

పుల్లతో కలపడం ఆపాడు. "కట్టుబాటు ఉందమ్మా."

"తెలుసు మామయ్యా. నిన్న గోదాములో దాన్ని పట్టుకుని కూర్చున్నది మీరొక్కరే. ప్రెసిడెంటు వదిలేశాడు, పోస్ట్‌మాన్ గారు వదిలేశారు, ఆయన సరేసరి." గొంతు పెంచలేదు. చొక్కా కొలతలు చెప్పినట్టే చెప్పింది. "దొంగల్ని ఆపడానికి పెట్టారు. నన్ను ఆపారు."

"మళ్లీ మీటింగు వచ్చేది. ఈలోగా..."

"ఈలోగా వీళ్లు ఏం తాగాలి?"

అతను డబ్బా నడుముకి తగిలించుకుని నిచ్చెన ఎక్కాడు. మాట మొదలుపెట్టాడు. వార్డుకు మంచినీళ్లు, అని రాశాడు. అక్షరాలు ఎప్పటిలాగే తిన్నగా పడ్డాయి. వంకర పోతే బాగుండుననుకున్నాడు. మిగిలింది ఒక్క ముక్క. తెచ్చినవారు.

అప్పుడే ప్రెసిడెంటూ, బట్టీ ఓనరూ వచ్చారు. ఓనరు వెంట ఫొటో తీసేవాడు ఒకడు. అక్షరాలు ఇంకాస్త లావుగా ఉంటే దూరానికి కనపడేవని ఓనరు అన్నాడు. ప్రెసిడెంటు బాగున్నాయన్నాడు.

పెయింటర్ నిచ్చెన మీదే వెనక్కి తిరిగాడు. బ్రష్షు నుంచి ఎరుపు ఒక చుక్క చొక్కా మీద పడింది. అతని చొక్కా మీద రంగు పడడం వీధి ఎప్పుడూ చూడలేదు.

"కొళాయి తెచ్చింది నా కోడలు" అన్నాడు. "కందకంలో కూర్చుంది. నేను చూశాను. మందుల షాపు ముందు నిచ్చెన మీంచి చూశాను."

గునపాలవాళ్లు లేచి నిలబడ్డారు. ప్రెసిడెంటు మొహంలో నిజంగానే బాధ కనిపించింది.

"నిన్న చెప్పాల్సింది బావా" అన్నాడు మెల్లగా.

బట్టీ ఓనరు నవ్వాడు. మంచిగానే నవ్వాడు. "మామగారు కదా. ఇంటి పిల్ల మీద అభిమానం ఉంటుంది. అందులో తప్పేముంది?"

ఆ ముక్క పెయింటర్‌కి కొత్త కాదు. తమ్ముడి కోసం లేచినవాడితో, అల్లుడి కోసం లేచినవాడితో తను అన్నదే. ఇంచుమించు ఆ నవ్వుతోనే అన్నాడు.

ఓనరు అరచెయ్యి ఎత్తి గునపాలవాళ్లకి ఆగమన్నాడు. "పూర్తి కాలేదుగా" అన్నాడు, గోడ వైపు చూపించి. వాళ్లు ఆగారు. ఆడవాళ్లు గోడని చూడలేదు. గునపాలనే చూస్తున్నారు. మోకాలికి కట్టు కట్టుకున్నామె బిందె ఒక చంకనుంచి ఇంకో చంకకి మార్చుకుంది.

"రాయండి మామయ్యా" అంది కోడలు.

అతని చేతిలో బ్రష్షు ఆరుతోంది. తర్వాత గోడవైపు తిరిగాడు. డబ్బాలో ముంచి, అంచుకి వత్తి, మిగిలిన అక్షరాలు ఒకటొకటే రాశాడు. తలకట్లు పెట్టుకుంటూ పోయాడు. ఆఖరిది పెట్టి చెయ్యి ఎత్తాడు.

వెనక గునపం దిగిన చప్పుడు వినిపించింది. ఆ వెంటనే ఇంకోటి. బిందెలు మోగుతూ, ఆడవాళ్లు ఒకరినొకరు పిలుచుకుంటూ ప్రహరీ వైపు వెళ్లిపోయారు. ఫొటో తీసేవాడు కూడా అటే పరుగెత్తాడు. గోడ మీద ఏం రాసి ఉందో చదవడానికి ఎవరూ ఆగలేదు. అందరికంటే ముందు కోడలు నడుస్తోంది.

పెయింటర్ ఒక్కడే మిగిలాడు. తడి ఆరని ఆ మాటను మొదటినుంచి చివరిదాకా ఒకసారి చదువుకున్నాడు.